అరవై నాలుగు గదులు

బస్టాండు వెనక సందులో మా లాడ్జి.
నాలుగు అంతస్తులు, అంతస్తుకి పదహారు గదులు.
రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా
కౌంటరు నాది.

తాళాల సొరుగులో, ఆధార్ జిరాక్సుల కింద
చిన్న నల్ల పెట్టె ఒకటి ఉంటుంది.
బెంగుళూరులో ఎవరో వాడి వదిలేసింది.
ఏడు నెలల జీతంలోంచి గిల్లి గిల్లి కొన్నాను.
ట్రాకర్ అంటారు దాన్ని.
తెర మీద అంకెలు పైనుంచి కిందికి జారతాయి,
అరవై నాలుగు వరసలు.
మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది.
మా రిజిస్టరే కదా ఇది!
ఎవరు దిగారు, ఏ గదిలో,
ఎప్పుడు ఖాళీ చేశారు.

ఒకటో గదిలో కిక్కు.
ఐదో గదిలో స్నేరు.
పదకొండులో మళ్ళీ కిక్కు, బస్సు తప్పిపోయి
ఆలస్యంగా వచ్చిన చుట్టంలా.
పదమూడులో స్నేరు.
మిగతావి ఖాళీ.
ఖాళీగా వదలడం నేర్చుకోవడానికే
నాకొక వేసవి పట్టింది.
ఓనరు వింటే తంతాడు.

నిమిషానికి నూట డెబ్బై నాలుగు దెబ్బలు.
డ్రమ్ అండ్ బేస్ అని పేరు,
ఎక్కడో ముసురు పట్టిన చలి ఊళ్ళలో పుట్టిందట.
నేను మాత్రం అన్నీ ఇక్కడివే పోగేశాను.
లిఫ్టు జాలీ తలుపు ధడేల్మంటే అది స్నేరు.
ఇత్తడి తాళంబిళ్ళలు కుదిపితే హై-హ్యాట్.
రెండో అంతస్తులో ఎవరో పెద్దాయన దగ్గు,
ముక్కలు కోసి, తిరగేసి,
ఎనిమిది చోట్ల చల్లాను.
ఆయన తెల్లారి సూళ్లూరుపేట వెళ్ళిపోయాడు,
దగ్గు నా దగ్గరే ఉంది.
బేస్‌కి సంపులో మోటారు.
నీళ్ళెక్కుతున్నంతసేపూ ఒకటే శ్రుతి.
నీళ్ళయిపోయాక గొంతెండి పైకి లేస్తుందే,
సరిగ్గా అక్కడ కోశాను.

"బాబూ, మూడొందల నాలుగులో వేణ్ణీళ్ళు రావడం లేదు."
"గీజరు అయిదింటికమ్మా."

వాచ్‌మన్ చెంగల్రాయులు
ఒకప్పుడు గంగజాతరలో వేషాల ముందర పలక కొట్టేవాడు.
ఇప్పుడు కుడి మణికట్టు తిరగదు.
విజిలు ఊదుతాడు.
నిరుడొకసారి వెనక మెట్ల మీద
బతిమాలితే కొట్టాడు.
నాలుగు దెబ్బలు.
ఐదోదానికి చెయ్యి పట్టేసింది.

ఈ రాత్రి రెండున్నరకి
ఒక చెవి ఆయనకిచ్చాను.
విన్నాడు. వేళ్ళ మధ్య బీడీ ఆరిపోయింది.
"ఏందబ్బా, నా చెయ్యేనా ఇది?
యాడికిట్ట పరిగెత్తతా ఉండాది?"
కాసేపాగి,
"కాక చూపించినావా?"
అర్థంకాక చూశాను.
"పలక్కి మంట కాక తగలాలబ్బా.
చల్లటి తోలు మొద్దుగా మోగతాది.
ఆ పొద్దు నువ్వు తొందర పెడితివి,
నేను అట్నే కొడ్తిని."

మీట తిప్పి శ్రుతి మూడు మెట్లు పెంచాను.
"బిగిసింది. కాగలేదు."
ఇంకో మెట్టు.
"ఊహూఁ. అలుపు కూడా లేదు దీనికి."
చెబుతూనే ఎడమచేతి వేళ్ళతో
కౌంటరు మీద తట్టాడు,
పదమూడో గది దగ్గర
వెంట్రుకవాసి ఆలస్యంగా.
తెర మీద అదే గదిని
నేనూ కొంచెం వెనక్కి జరిపాను.
పాట ఒక్కసారి కుంటింది,
కుంటుతూ నడిచింది.
ఆయనేమీ అనలేదు. లేచి పోయాడు.

మెట్ల కింద ఏదో ఈడ్చిన చప్పుడు.
వెళ్ళి చూస్తే, మూడేళ్ళనాటి రిజిస్టరు
కాగితం కాగితం చించి
మంట వేస్తున్నాడు.
కర్నూలు, వేలూరు, బళ్ళారి,
వచ్చిన వేళ, పోయిన వేళ,
సంతకాలు ముడుచుకుని నల్లబడుతున్నాయి.
పైన, బోర్లించిన పలక.
తోలు కాగే వాసన.
"ఎడమ చేత్తో వస్తాదో రాదో" అన్నాడు,
నాతో కాదు.

ముందరి వాకిట్లో రాయచోటి బస్సు దిగిన వాళ్ళు.
నలుగురు పెద్దవాళ్ళు, నిద్రలో తూగే పిల్ల,
మూటలు.
"గదుందా సామీ?"

ఎర్ర మీట నొక్కి పెట్టి
చెయ్యెత్తి చూపించాను,
ఒక్క నిమిషం.